గీత లేస్తే సముద్రం తగ్గుతుంది

సముద్రం పెరుగుతోందని ఏడ్చేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. పెరగనివ్వండి! పిల్లలు పెరిగితే మురిసిపోతాం, స్థలాల ధరలు పెరిగితే మురిసిపోతాం. సముద్రం ఒక్కటే ఏం పాపం చేసింది?

మా పోర్టునే తీసుకోండి. పెద్ద ఓడలు రావాలంటే లోతు కావాలి. ఆ లోతు కోసం ఇన్నాళ్లూ అడుగున ఉన్న బురద తవ్వించీ తవ్వించీ పోర్టు చేతులు కాల్చుకుంది. ఇప్పుడు సముద్రమే తనంతట తాను పైకి లేచి లోతు సమకూరుస్తోంది. కూలి అడగదు, టీకి వెళ్లదు. ఇంతకంటే బుద్ధిమంతుడైన కాంట్రాక్టర్ ఎక్కడ దొరుకుతాడు?

ఎటొచ్చీ ఒక చిన్న చిక్కు. నీళ్లు సరుకు దించే జెట్టీ మీదికి కూడా వచ్చేస్తున్నాయి. అక్కడి గోడౌన్ గోడ మీద మోకాలెత్తున ఒక ఎర్రగీత ఉంది. నీళ్లు దాన్ని తాకితే పని ఆపేసి, సరుకు మోసేవాళ్లను పైకి పంపెయ్యాలని రూలు. ఒకప్పుడు ఏ తుపానుకో తాకేవి. ఇప్పుడు మామూలు పోటుకే తాకుతున్నాయి. పని ఆగితే ఓడ ఆగుతుందా? పక్క పోర్టుకు చక్కా పోతోంది! ఇలాగైతే గేటుకు తాళమేనని పెద్దలు హడలిపోయి ఒక క్లైమేట్ కన్సల్టెంట్‌ను రప్పించారు.

ఆయన బూట్లు తడవకుండా కారులోంచే పరిష్కారం చెప్పాడు. "సముద్రాన్ని దించడం మన చేతుల్లో లేదు. గీతను ఎత్తడం ఉంది."

ఎంత తేలిక! గీత నడుం దాకా లేచింది. ఓడలు తిరిగొచ్చాయి. కాగితాల మీద సముద్రం తగ్గింది కూడా. కొన్నాళ్లకు నీళ్లు మళ్లీ తాకాయి. ఈసారి శాస్త్రీయంగా వెళ్దామన్నారు. కూలీల జట్టులో అందరికంటే పొడుగాటి మనిషిని గోడకు ఆనించి నిలబెట్టి, గడ్డం కింద గీత గీశారు. ముక్కు నీళ్లకు పైన ఉన్నంతసేపూ మనిషి పనిచేయగలడట.

ఆ పొడుగాటి మనిషి మా బావ. ఆయనకు ఈత రాదు. అయినా పోర్టంతటికీ తానే కొలబద్దనని పొంగిపోతున్నాడు. ఆదివారం భోజనాల దగ్గర ఆ కథే మళ్లీ మొదలుపెడితే, వడ్డిస్తున్న మా అక్క అడ్డు తగిలింది.

"అంతా బానే ఉంది. మరి మీ తమ్ముడి సంగతేంటి?"

బావ తమ్ముడు పక్కనే కూర్చుని తింటున్నాడు. ఇద్దరిదీ ఒకే జట్టు, ఒకే జెట్టీ. అతను అన్న భుజం దాకా కూడా రాడు. బావ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఎన్ని పేజీలైనా సముద్రాన్ని వెనకేసుకొచ్చే నాకు, అక్క మొహం చూశాక భయమేసింది.

"ఏం పర్లేదు వదినా, మునివేళ్ల మీద నిలబడతాలే" అన్నాడు మరిది, తల ఎత్తకుండా.

పాఠకులకు ఒక్క మనవి. ఈ మాట కన్సల్టెంట్ చెవిన పడనివ్వకండి. మనుషులు మునివేళ్ల మీద కూడా నిలబడగలరని తెలిసిందంటే, గీతను ఇంకో నాలుగంగుళాలు పైకి జరిపిస్తాడు.