చిరగని బ్యానరు

శనివారం పొద్దున ఆరింటికే వెర్నా హెడ్ల్ వంటింటి బల్ల పక్కకి జరిపి, నేల మీద క్రేప్ కాగితం పరిచింది. అనుకున్న పని చిన్నదే. మధ్యాహ్నం రెండింటికి, ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ ఆనవాయితీ ప్రకారం, మా టూలన్‌డూక్ కుర్రాళ్ళు పరుగెత్తుకొచ్చి చించుకుని మైదానంలో దిగడానికి ఒక బ్యానరు కావాలి. నలభై ఏళ్ళుగా ఆవిడే చేస్తోంది, ఇంకొకరిని చెయ్యి పెట్టనివ్వదు. అంత శ్రద్ధగా చేసేదీ చిరగడానికే.

అయితే ఈ ఏడు ఆ పని గాలి ముందే చేసేస్తోంది. మూడుసార్లు కుర్రాళ్ళు చేరేలోపే బ్యానరు చినిగింది, మూడుసార్లూ ఓడారు. నిజానికి మిగతా వారాలూ ఓడారు గాని, జనానికి చినిగిన రోజులే గుర్తున్నాయి. ఈ రోజు ఆట పక్క ఊరు బిరావాతో. సోమవారం ఈ రెండు క్లబ్బులూ ఒకటి కావాలా వద్దా అని రెండూళ్ళలోనూ ఓట్లు. ఒకటైతే మా మెరూన్ చొక్కా ఇక పెట్టెలోకే. ఆ చొక్కాతోనే వెర్నా మొగుడు క్లారీ 1969 ఫైనల్లో ఆఖరి గోలు కొట్టాడు. ఆ రోజు అది నలభై గజాలు, నేను అక్కడే ఉన్నాను. క్లారీ చెప్పగా చెప్పగా ఇప్పుడు డెబ్బై గజాలు దాటింది.

వెర్నా ‘1969 మళ్ళీ రావాలి’ అని పెద్ద అక్షరాలు అతికించింది. తన బ్యానరు గాలికి ఆగడం లేదని ఒప్పుకోవడం ఇష్టం లేక, గడ్డిమోపులు కట్టే ప్లాస్టిక్ తాడు వెనకవైపు వలలా అల్లి, కనబడకుండా దాని మీద ఇంకో కాగితం అంటించింది.

ఆవిడ స్నానానికి వెళ్ళగానే క్లారీ వచ్చి చూశాడు. అంతా ఉత్త కాగితమే అనుకున్నాడు. చెబితే నొచ్చుకుంటుందని, షెడ్డులోంచి వెండి రంగు టేపు తెచ్చి వెనకంతా అడ్డంగా వేసి చుట్ట చుట్టేశాడు. మైదానం దగ్గర క్యాంటీన్ చూసే మెర్ల్ ఆ చుట్ట విప్పింది. ముందువైపు మాత్రమే చూసి, పాపం వెర్నాకి వయసైపోయింది అనుకుని, అక్షరాల మీద పారదర్శకమైన వెడల్పు టేపు మూడు వరసలు వేసింది.

రెండింటికి క్లారీ ఒక కర్ర, అప్పటి జట్టువాడే ఆస్సీ రెండో కర్ర పట్టుకుని నిలబడ్డారు. గాలి వీచింది, బ్యానరు కదల్లేదు. మైదానం చుట్టూ నిలిపిన కార్లన్నీ హారన్లు కొట్టాయి. కెప్టెన్ బ్రేడన్ మాయిల్ ముందుగా పరుగెత్తుకొచ్చాడు. బ్యానరుకి గుద్దుకుని, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు.

రెండోసారి నలుగురు వచ్చారు, నలుగురూ పడ్డారు. మూడోసారి పద్దెనిమిది మందీ కలిసి గుద్దారు. బ్యానరు చిరగలేదు గాని, కర్రలతో సహా క్లారీ, ఆస్సీ మోకాళ్ళ మీద పది గజాలు జారిపోయారు.

"పక్కనుంచి రండయ్యా, టైమవుతోంది" అన్నాడు అంపైరు.

"రామండీ. బ్యానరు చుట్టూ తిరిగొచ్చిన జట్టు ఈ జిల్లాలో ఎప్పుడైనా గెలిచిందా?" అన్నాడు బ్రేడన్ ముక్కు తుడుచుకుంటూ.

"ఆహా, మీరేదో రోజూ గెలుస్తున్నట్టు" అని అరిచాడు బిరావా కెప్టెన్. వాళ్ళ జట్టంతా గడ్డిలో పడి నవ్వుతోంది.

నాలుగోసారీ గుద్దారు. మెర్ల్ మెల్లిగా వచ్చి వెర్నా చెవిలో, "నేను మూడంటే మూడే వరసలు టేపు వేశానే" అంది.

"నువ్వూనా?"

"నువ్వూనా అంటే?"

కర్ర పట్టుకుని ఉన్న క్లారీ ఆకాశం వంక చూశాడు. అది చూడగానే వెర్నాకి సంగతి అర్థమైంది. క్యాంటీన్లోంచి రొట్టె కోసే కత్తి తెచ్చి మొగుడికి అందించింది.

"నువ్వే కొయ్యవయ్యా."

"ఎక్కడ కొయ్యమంటావే? అంతా అక్షరాలే."

బ్రేడన్ అవతలినుంచి గొంతు తగ్గించి అన్నాడు. "క్లారీ గారూ, మీ అరవైతొమ్మిది చాలా గట్టిదండీ. కాదనం. కానీ మేం కూడా ఇవతలికి రావాలిగా."

క్లారీ కర్ర మెర్ల్ చేతికిచ్చి అక్షరాల దగ్గరికి వచ్చాడు.  తర్వాత ఆరుకీ తొమ్మిదికీ మధ్య కత్తి దించి కిందిదాకా కోశాడు. కుర్రాళ్ళు తలలు వంచుకుని ఒక్కొక్కరే బయటికొచ్చారు.

ఎప్పుడూ వంద పాయింట్ల తేడాతో ఓడేవాళ్ళు, ఆ రోజు రెండంటే రెండు పాయింట్లతో ఓడారు. ఓటమి ఓటమే కదా, సోమవారం మావాళ్ళు కళ్ళొత్తుకుంటూ కలిసిపోదామనే ఓటేశారు. చెప్పుకోవడానికి సిగ్గే. వద్దన్నది బిరావా వాళ్ళు.

వాళ్ళ క్లబ్బు ప్రెసిడెంటు క్లారీకి ఫోన్ చేశాడు. "నాలుగుసార్లు గోడకి గుద్దుకుని కూడా పక్కకి తిరగనోళ్ళని మాలో కలుపుకుని ఏం చేసుకుంటామయ్యా? ఎదురుగానే ఉండండి. మీరు లేకపోతే శనివారాలు మాకు మాత్రం ఎవరున్నారు?"

అలా మా చొక్కా నిలిచింది. వెర్నా మళ్ళీ ఉత్త కాగితంతోనే చేస్తోంది, గాలి వచ్చినా సరే. క్లారీ ఆ గోలు సంగతి చెప్పడం మానేసి బ్యానరు సంగతే చెబుతున్నాడు, మొన్నటికి ఆ కథలో బ్యానరుకి ఇనప రేకు కూడా చేరింది.