కౌన్సిలర్ గారి అమెరికానో

"అమెరికానోలో నీళ్ళు ఎన్ని పొయ్యాలి, ఎంత వేడిగా పొయ్యాలి అన్నది ఇకపై వంటింటి గొడవ కాదు, మునిసిపాలిటీ బాధ్యత!" అని మా కొండ ఊరు మోంతెలారో నీటి శాఖ కౌన్సిలర్ ఒత్తోరీనో మార్సిల్లి గారు చర్చి మెట్ల మీద నిలబడి ప్రకటించారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే. వారింటి ఎదురు వాటా నాది.

మా ఊరి గొట్టాల్లో రెండేళ్ళుగా తుప్పు నీళ్ళు వస్తున్నాయి. కొత్త గొట్టాలు వేయిస్తామని అమెరికా ధర్మసంస్థ ఒకటి ముందుకొచ్చింది. అవసరం ఎంతుందో చూడడానికి పీటర్సన్ అనే పెద్దమనిషి ఆదివారం వస్తున్నాడు. ఆయన మనలా చిన్న కప్పులో చిక్కటి కాఫీ తాగడట. అందులో వేణ్ణీళ్ళు కలిపి అమెరికానో చెయ్యాలట. కౌన్సిలర్ గారు ఆయన్ని ఇంటికే పిలిచారు.

ప్రయోగాలు నా నోటి మీదే జరిగాయి. మొదటిసారి సలసల మరిగే నీళ్ళు కాఫీ మీద కుమ్మరించారు. అచ్చం కషాయం. రెండోసారి చెంబుడు నీళ్ళు పోశారు.

"ఎలా ఉంది?" అన్నారు ఆత్రంగా.

"ఒక్క కప్పు కాఫీని ఊరందరికీ సమానంగా పంచినట్టుందండీ," అన్నాను. ఆ మాట నోట్ బుక్కులో రాసుకున్నారు.

చివరికి యొలాండ పిన్నిని పిలిపించారు. ఆవిడ బస్టాండు దగ్గర నలభై ఏళ్ళు కాఫీ బార్ నడిపింది. నీళ్ళ కోసం ఆవిడ పెట్టిన అర్జీలన్నీ కౌన్సిలర్ గారి ఆఫీసు బీరువాలో భద్రంగా ఉన్నాయి.

"పిన్నీ, నీళ్ళ దగ్గరే దెబ్బతింటున్నాను."

"ఊరంతా అక్కడే దెబ్బతింటోంది నాయనా," అంటూ ఆవిడ కొళాయి తిప్పింది. "కొళాయిలోనే కాఫీ వస్తోంటే మళ్ళీ పొడి దండగ కాదట్రా?"

"అది ఇనుము పిన్నీ. ఒంటికి మంచిది."

"అయితే ఆ అమెరికా ఆయనకి ఇదే పొయ్యి."

కౌన్సిలర్ గారు ఇంటి పైకప్పును శ్రద్ధగా పరిశీలించారు.

"సరేలే," అంది పిన్ని. "కొండ కింద ఊట నుంచి నీళ్ళు మోసి మోసి నా మోకాళ్ళు అరిగిపోయాయి. గొట్టాలొస్తాయంటే చేసిపెడతాను. నీళ్ళు కాగాక దించి, ముప్పై లెక్కపెట్టు. ముందు కప్పులో నీళ్ళు, ఆ పైన కాఫీ. కాఫీకి రెండింతలు నీళ్ళు, చుక్క ఎక్కువ కాదు."

ఆదివారం పిన్నే ఊటనీళ్ళు మోసుకొచ్చి అమెరికానో చేసింది. పీటర్సన్ ఒక గుటక వేసి కళ్ళు మూసుకున్నాడు. ఇంకో కప్పు అడిగాడు.

"ఇంత తియ్యటి నీళ్ళు ఎక్కడివి?"

"మావే!" అన్నారు కౌన్సిలర్ గారు, గుండె మీద చెయ్యి వేసుకుని.

"అయ్యో, కాదు బాబూ! ఇలా రా," అని పిన్ని పీటర్సన్ చెయ్యి పట్టుకుని కొళాయి దగ్గరికి లాక్కెళ్ళి తిప్పింది. చుక్క రాలేదు. తుప్పు మరక సింకులో పడితే అతిథికి అమర్యాదని కౌన్సిలర్ గారు పొద్దున్నే పెద్ద వాల్వు మూయించేశారు.

"చూశారా," అన్నారు, పిన్ని మాటల్నే ఇంగ్లీషులోకి మారుస్తున్నట్టు వినయంగా, "ఉన్న నీళ్ళు కూడా ఎంత పొదుపుగా వాడతామో!"

పీటర్సన్ కళ్ళు చెమ్మగిల్లాయి. నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. ఇంత మంచి నీళ్ళున్న ఊరికి తమ సాయం అక్కర్లేదనీ, గొట్టాలు పక్క ఊరికి వేయిస్తున్నామనీ రాశారు. ఉత్తరంతో పాటు ఒక పాలరాతి ఫలకం పంపారు. 'ఈ కొండసీమలోకెల్లా తియ్యటి నీరు' అని చెక్కించారు.

ఫలకం బిగించే ఉత్సవానికి ఊరంతా వచ్చింది. యొలాండ పిన్ని రాలేదు. ఆ వేళకి ఆవిడ ఊట దగ్గర ఉంటుంది. ఇది తన పదవీకాలపు అతి పెద్ద విజయమని కౌన్సిలర్ గారు ఉపన్యసిస్తుండగా మేస్త్రీ మధ్యలో గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, సిమెంటు కలపాలి. నీళ్ళు?"

కౌన్సిలర్ గారు కారులోంచి తాను తాగే సోడా నీళ్ళ సీసాలు రెండు తెప్పించారు. మేస్త్రీ ఒకటి ఎత్తి వెలుగులో పెట్టి చూశాడు.

"బుడగలు లేనివి లేవాండీ?"