మార్తమ్మ ఇంటి జున్ను

ఆ మంగళవారం ఉదయం మార్తమ్మ అనుకున్న పని ఒక్కటే. మధ్యాహ్నం లోపల రెండు వందల పెద్ద కొవ్వొత్తులు పోయాలి. గుణదల మాత తిరునాళ్ళకు ఇంకా రెండు వారాలే ఉన్నాయి.

విజయవాడ వన్ టౌన్‌లో గోడౌన్ల వెనక సందులో ఆమె ఇల్లు. మైనం కాచి పోసేది మార్తమ్మ. వత్తులు పేనేది వెనకింటి జైతూన్ బీ. రేకు అచ్చులు చేసి ఇచ్చేది జైతూన్ బీ భర్త నిసార్ అహ్మద్. పదకొండేళ్ళుగా రెండిళ్ళకూ మధ్య గోడకు తలుపు లేదు. ఒకప్పుడు ఉండేది గానీ, తీసీ వేసీ విసుగొచ్చి నిసార్ దాన్ని ఊడదీసి బల్ల చేశాడు.

అది ఎమర్జెన్సీ కాలం. కొట్టు ముందు సరుకు నిల్వ ఎంతో బోర్డు మీద రాసి పెట్టాలి. మార్తమ్మ గుమ్మం పక్క బోర్డు మీద "మైనం: 2 బస్తాలు" అని ఉంది. ఆమెకు నెలకిచ్చే పర్మిటు అంతే. ఇంట్లో ఉన్నవి అయిదు. రెండు బస్తాల మైనం తిరునాళ్ళలో మొదటి పూటకు కూడా చాలదు కనుక, పర్మిటు ఉండి కొవ్వొత్తులు పోయని వాళ్ళ దగ్గర మిగతా మూడూ తెచ్చింది. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆమె లేచి వీధి తలుపు దగ్గరగా వేసేది.

ఎనిమిదిన్నరకు పోస్టుమాన్ ఒక కార్డు ఇచ్చాడు. మార్తమ్మ బడికి పోలేదు. భర్త పోయాక, పొట్లాల కాగితాలూ బైబిలూ ముందేసుకుని తనంతట తానే చదవడం నేర్చుకుంది. అందుచేత ప్రతి మాటనూ విడగొట్టి, అర్థం తేల్చుకుని గాని ముందుకు పోదు. కార్డు మీద ఇలా ఉంది:

"విశ్వవిద్యాలయ సందర్శక పండితుల పథకం క్రింద, ఔత్సాహికులతో పరిశోధన సహకారం నిమిత్తం, 27వ తేదీ ఉదయం పది గంటలకు మీ గృహమును పరిశోధించుటకు వచ్చుచున్నాము. సరుకును, పనిముట్లను ఉన్నవి ఉన్నట్లుగా చూపవలెను."

"జైతూన్! ఇవాళ తేదీ ఎంత?"

"ఇరవై ఏడు. ఏంటక్కా, మొహం అలా అయిపోయింది?"

"నేను చెప్పలా? మంగళగిరి వెళ్ళి ఆ బస్తాలు తెచ్చిన కాణ్ణించి కుడి కన్ను అదురుతోందని చెప్పలా? ఇంట్లో శోధన అంట."

శోధనలో పడకుండా చూడమని రోజుకు మూడుసార్లు జపం చేసే మనిషి ఆమె. శోధన అంటే ఏమిటో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

"శోధన కాదక్కా, ముందు ఇంకేదో ఉంది," అంది కార్డులోకి తొంగి చూస్తూ జైతూన్ బీ.

"పరిశోధన. అదే నా భయం. శుద్ధం కంటే పరిశుద్ధం ఎక్కువ కదా? పూర్ణం కంటే పరిపూర్ణం ఎక్కువ. అలాగే శోధన కంటే పరిశోధన ఎక్కువ. ఇల్లంతా, మూల మూలా అన్నమాట."

ఈ తర్కంలో తప్పు పట్టగలవాడు ఆ సందులో ఎదురింటి మరియదాసు ఒక్కడే. ఆయన రైల్వే గూడ్సు ఆఫీసులో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాడు. ఏ కాగితమైనా ఆయన చూస్తే గాని కాగితం కాదు. కళ్ళజోడు పెట్టుకుని కార్డు రెండుసార్లు చదివాడు.

"సోదా," అన్నాడు.

"పండితులు అని ఉంది కదండీ?" అన్నాడు నిసార్ అహ్మద్.

"ఇన్‌స్పెక్టర్లు అని రాస్తే నువ్వు సరుకు దాచెయ్యవూ? అందుకే పండితులని రాశారు. ఔత్సాహికులు అంటే ఎవరనుకున్నావు? పర్మిటు కంటే ఎక్కువ ఉత్సాహం చూపించినవాళ్ళు. సహకారం అంటే మాట్లాడకుండా జీపెక్కడం."

మార్తమ్మ బల్ల మీద కూలబడింది. ఇల్లు సీలు చేస్తే ఆమెకు వేరే దిక్కు లేదు, ఉయ్యూరులో తమ్ముడు శౌరయ్య ఇల్లు తప్ప. అక్కడ అన్నానికీ పాడికీ లోటుండదు. గోడ మధ్య తలుపు లేని ఇల్లు మాత్రం ఉండదు.

ఆమె జీవితంలో వెళ్ళిపోయినవాళ్ళెవరూ చెప్పి వెళ్ళలేదు. ఆ తప్పు తాను చేయకూడదని, కాస్త ప్రమాదం కనిపిస్తే చాలు, ముందే వీడ్కోలు చెప్పేస్తుంది. కృష్ణకు వరదొచ్చినప్పుడు ఒకసారి, పన్ను పీకించుకోబోయే ముందు ఒకసారి, ఊరికే ఒకసారి, ఇప్పటికి మూడుసార్లు జైతూన్ బీకి వీడ్కోలు చెప్పింది.

"జైతూన్, రోలు నువ్వుంచుకో. ఎప్పటిదో ఆ పాత తులసికోటలో పుదీనా వేశాను, నీళ్ళు పొయ్యి."

"చాల్లే అక్కా. పోయినసారి ఇచ్చిన రోలు ఇంకా మా ఇంట్లోనే ఉంది. ముందు బస్తాలు లేపు."

తొమ్మిదింటికి సందు సందంతా కదిలింది. నిసార్ తమ్ముడు లాల్ అహ్మద్ తోపుడుబండి తెచ్చాడు. మూడు బస్తాలు తీసి రెండు ఉంచితే చాలునన్నాడు నిసార్. "రెండుంటే మూడోది ఏదని అడుగుతారు. అసలేమీ లేకపోతే అడగడానికే ఉండదు," అన్నాడు మరియదాసు. గూడ్సు ఆఫీసు అనుభవం అది. అయిదు బస్తాలూ, ఆరు వందల కొవ్వొత్తులూ, అచ్చులూ, చివరకు నిల్వ బోర్డు కూడా బండెక్కి రేకుల కింద దాక్కున్నాయి.

"ఎక్కడికి తీసుకెళ్ళమంటారు?" అన్నాడు లాల్ అహ్మద్.

"ఎక్కడా ఆగకు. తిరుగుతూనే ఉండు. పదకొండింటికి వచ్చెయ్యి," అన్నాడు మరియదాసు.

మిగిలింది ఒక్కటే, పొయ్యి మీది పెద్ద గిన్నె. అందులో కాగిన తెల్లటి మైనం. మసులుతున్న గిన్నెను బండెక్కించడం కుదరదు. జైతూన్ బీ దాన్ని దించి, రెండు వెడల్పాటి పళ్ళేల్లో పోసి, నీళ్ళ తొట్టిలో పెట్టింది. అరగంటలో తెల్లగా, నున్నగా గడ్డకట్టింది.

"ఎవరైనా అడిగితే జున్ను అందాం," అంది. నమ్మకం కలగడానికి పైన మిరియాల పొడీ, యాలకుల పొడీ చల్లింది.

పది దాటింది. పదిన్నర దాటింది. పదకొండుకు పది నిమిషాలుండగా సందు మొగలో రిక్షా ఆగింది. జీపు కాదు. అందులోంచి మంగళగిరి నేత చీర కట్టుకున్న నడివయసు ఆవిడా, చేతిలో లావుపాటి నోటుబుక్కుతో ఒక కుర్ర లెక్చరరూ దిగారు. ఆవిడ చేతులు రెండూ మట్టి కొట్టుకుని ఉన్నాయి.

"ఆలస్యమైందండీ, ఏమనుకోకండి. ఓ తోపుడుబండి మూడుసార్లు మా రిక్షాకి అడ్డం వచ్చింది. మూడోసారి దాని చక్రం గాడిలో పడితే నేనూ దిగి తొయ్యాల్సొచ్చింది. నా పేరు సుబ్బరత్నం. మద్రాసు నుంచి ఏడాదికని ఈ యూనివర్సిటీకి వచ్చాను. ఈయన సంజీవరావుగారు."

వీళ్ళు మెత్తగా మాట్లాడే రకం ఇన్‌స్పెక్టర్లని మరియదాసు మార్తమ్మకు కళ్ళతోనే చెప్పాడు.

సుబ్బరత్నం ఖాళీ గదిని చుట్టూ చూసింది. "మార్తమ్మగారూ, మీరిక్కడ ఏం తయారుచేస్తారు?"

మార్తమ్మ మరియదాసు వైపు చూసింది. మరియదాసు అందుకున్నాడు. "జున్నండీ."

"జున్నా?"

"రోజూ చేస్తారండీ."

సంజీవరావు నోటుబుక్కు తెరిచి సిరాతో రాసుకున్నాడు. ఆయన ఒకసారి రాసింది కొట్టేసే మనిషి కాదని ఆ అక్షరాలు చూస్తేనే తెలుస్తుంది.

"గేదెలెన్ని?" అన్నాడు తలెత్తకుండా.

"గేదె..." నిసార్ గొంతు సవరించుకున్నాడు. "మేతకెళ్ళిందండీ."

ఇదంతా సుబ్బరత్నం వినడం లేదు. ఆవిడ చూపు తొట్టిలో పళ్ళేల మీద నిలిచిపోయింది. "మాది పామర్రు పక్కనండీ. మా అమ్మమ్మ సరిగ్గా ఇలాగే, మిరియాలు చల్లి వండేది. ఆవిడ పోయి పాతికేళ్ళు. మద్రాసులో జున్ను ఎక్కడ దొరుకుతుంది? ఏమీ అనుకోకపోతే..."

అనుకునే వ్యవధి ఎవరికీ ఇవ్వకుండా, అంచున ఒక ముక్క విరిచి వేళ్ళతో పట్టుకుంది. జైతూన్ బీ కొంగు నోట్లో కుక్కుకుంది. మరియదాసు సీలింగు వైపు చూశాడు.

మార్తమ్మకు ఇల్లు పోవడం కనిపించింది. ఉయ్యూరు బస్సు కనిపించింది. గోడ మధ్య తలుపు లేని ఖాళీ కనిపించింది. మనిషి అమ్మమ్మను తలుచుకుంటూ మైనం మింగబోవడం కూడా కనిపించింది. ఇదే శోధన అనుకుంది.

"తినకండమ్మా! అది మైనం! మాకు గేదె లేదు, జున్ను లేదు. నేను కొవ్వొత్తులు పోస్తాను. రెండు బస్తాలకే పర్మిటు, అయిదు పెట్టాను. తప్పు నాదే, వీళ్ళకేం సంబంధం లేదు. జైతూన్, వెళ్ళొస్తానే!"

అప్పుడే పదకొండు కొట్టింది. గుమ్మంలో తోపుడుబండి కిర్రుమంది.

"అమ్మా, వాళ్ళు పోయారా? మైనం ఎక్కడ దించమంటారు?" అంటూ లాల్ అహ్మద్ లోపలికొచ్చి, సుబ్బరత్నాన్ని చూసి మొహమంతా నవ్వు చేసుకున్నాడు. "ఈ అమ్మగారే! నా బండి తోసింది ఈ అమ్మగారే!"

సుబ్బరత్నం చేతిలోని ముక్కను, తర్వాత బండిని, తర్వాత మార్తమ్మను చూసింది. మెల్లగా కూర్చుని, అంతవరకు ఎవరూ అడగని ప్రశ్న అడిగింది. "అయిదెందుకండీ?"

"ఫిబ్రవరిలో అయిదూ చాలవమ్మా. జూన్‌లో ఒక్కటి కూడా ఎక్కువే. పర్మిటు మాత్రం నెలనెలా రెండే."

ఆవిడ చాలాసేపు రాసుకుంది. పరిశోధన అంటే పట్టుకోవడం కాదనీ, మీ దగ్గర నేర్చుకోవడమనీ చెప్పింది. నలభై నిమిషాల్లో ఒక కార్ఖానాను బండెక్కించిన సందును తాను పుస్తకాల్లో కూడా చూడలేదంది. వెళ్ళేముందు ఒక ఫారం ఇచ్చింది. 'సహకరించువారు' అన్నచోట ఒక్క పేరుకే చోటుంది. మార్తమ్మ తన పేరు సగం గీతలో ఇరికించి, మిగతా సగంలో జైతూన్ బీ అని రాసింది.

ఆ ఏడు గుణదలలో కొవ్వొత్తులు వెలిగిస్తే యాలకుల వాసన వచ్చిందని భక్తులు చెప్పుకున్నారు.

మే నెలలో రెండు ఉత్తరాలు ఒకేసారి వచ్చాయి. మొదటిదాంట్లో, యూనివర్సిటీ సిఫార్సు మీద మార్తమ్మ మైనం పర్మిటును నెలల లెక్కన కాక ఏడాది లెక్కన మార్చారని ఉంది. మార్తమ్మ దాన్ని మూడుసార్లు చదివి, ఒకసారి ఏడ్చి, జైతూన్ బీ ఇంట్లోని తన రోలు తెచ్చేసుకుంది.

రెండోది పాడి అభివృద్ధి చూసే వేరే ఆఫీసు నుంచి. యూనివర్సిటీ నివేదికలో రెండో ఉత్పత్తిగా నమోదైన జున్ను నిమిత్తం, మేతకు వెళ్ళిన గేదెను పరిశోధించుటకు సోమవారం వచ్చుచున్నామని అందులో ఉంది.

పోయినసారి ఉన్నదాన్ని దాచిన సందు, ఈసారి లేనిదాన్ని వెతకడానికి లాల్ అహ్మద్‌ను ఉయ్యూరు శౌరయ్య ఇంటికి పంపింది.