దొరగారి స్నానపు తొట్టి, రెండు దాపటెద్దులు

మీ ఎద్దును ఎవరైనా తోలుకుపోతే ఏడవకండి. వాడి వెనకే పరుగెత్తి, కాళ్ళు కడిగి, తాంబూలమిచ్చి సాగనంపండి. అంతకంటే మీకు మేలు చేసినవాడు లోకంలో ఉండడు!

నవ్వుతున్నారా? నవ్వండి. కుంపిణీ దొరతనాన్ని తిట్టిపోసినవాళ్ళకు కొదవ లేదు. పన్నులన్నారు, వెట్టి అన్నారు, దౌర్జన్యమన్నారు. కుంపిణీ మన కొంపలకు చేసిన ఉపకారం గురించి ఒక్కడైనా నోరు మెదిపాడా? ఆ లోటు తీర్చడానికే సూలూరు పక్క పల్లెలో ఉండిన రామక్కాళ్ సంగతి చెప్పవలసి వస్తున్నది.

రామక్కాళ్‌ది నల్లరేగడిలో పత్తీ, చోళమనే జొన్నా పండించుకునే కుటుంబం. తాతల తాతలు ఎప్పుడో తెలుగుదేశం వదిలి కోయంబత్తూరు సీమకు వచ్చారు. అన్నీ అరవదేశపు అలవాట్లే చేసుకున్నా తెలుగును మాత్రం ఇంట్లో భద్రంగా దాచుకున్నారు. ఆమెకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు కోదండరామన్, చిన్నవాడు దొరైసామి. ఇద్దరికీ కలిపి పెరట్లో ఒక మునగచెట్టు.

వేళ్ళు చిన్నవాడి వైపు, కొమ్మలు పెద్దవాడి వైపు. మరి కాయలెవరివి? ఈ మహా ధర్మసందేహం తీరక ఇంటి నడుమ గోడ లేచింది. ఆ వెంటనే వచ్చిన గాలివానకు చెట్టు పడిపోయింది. గోడ పడలేదు. అన్నదమ్ములకు మాటలు లేవు. కోడళ్ళిద్దరూ మాత్రం గోడ మీదుగా పులుసు గిన్నెలు అందించుకుంటూనే ఉన్నారు. గోడ మగవాళ్ళకేనని వాళ్ళు ముందే అర్థం చేసుకున్నారు.

రామక్కాళ్ కోరిక ఒక్కటే. మాసి నెల తేరుకు, అంటే రథోత్సవానికి, కారమడై పోవాలి, ఇద్దరు కొడుకులూ చెరో పక్కా నిలబడగా రంగనాథస్వామిని చూడాలి. ఏటా అడిగేది. "నా బండిలో రా అమ్మా" అనేవాడు పెద్దవాడు. "నా బండిలో రా" అనేవాడు చిన్నవాడు. ఆమె ఏ బండీ ఎక్కకుండా ఇంట్లోనే కూర్చునేది. ఈ ఏడు మోకాళ్ళు మొరాయించాయి, కళ్ళకు పొరలు కమ్మాయి. మళ్ళీ ఏటికి స్వామి కనిపిస్తాడన్న ధీమా పోయింది. ఆ బెంగతో అన్నం కూడా సయించని వేళ, కుంపిణీ వచ్చి ఆదుకున్నది!

ఎలాగంటారా? ఒక దొరగారికి కోయంబత్తూరు ఎండ పడలేదు. చల్లగా ఉంటుందని నీలగిరి కొండలకు ప్రయాణమయ్యారు. దొర ఒక్కడే కొండెక్కితే దొరతనమేముంది? టెంట్లు, కుర్చీలు, సీసాలు, గంపల్లో కోళ్ళు, అన్నిటికీ మించి మనిషి కాళ్ళు చాపుకుని పడుకునేంత స్నానపు తొట్టి! కొండల నిండా నీళ్ళు పారుతుంటే తొట్టి ఎందుకని అడిగే ధైర్యం ఎవరికుంది? బండ్లకు ఎద్దులు కావాలని ఆర్డరు వచ్చింది. బిళ్ళ బంట్రోతు మునియాండి ఊళ్ళోకి దిగి, జతకు ఒక ఎద్దు చొప్పున ఇమ్మన్నాడు. ఒకటి తీసుకుని ఒకటి వదిలిపెట్టడం! ఇంత న్యాయం ఏ రాజు చేశాడు?

ఇక్కడ మనవాళ్ళ తెలివి చూడాలి. కాడికి ఎడమవైపు నడిచేది దాపటెద్దు, కుడివైపు నడిచేది వెలపటెద్దు. కోడెగా ఉన్నప్పుడు ఏ వైపు మరిగితే చివరిదాకా ఆ వైపే. వీటిలో దాపటిదే గట్టిదని ఆ ఊరి సేద్యగాళ్ళ నమ్మకం. అందుకని కోదండరామన్ దాపటెద్దును చొప్పవామి చాటున కట్టేసి, వెలపటెద్దును "ఇదే సామీ మా ఇంట్లో మేలైంది" అని పొగిడి పొగిడి అప్పగించాడు. గోడ అవతల దొరైసామి సరిగ్గా అదే పని చేసి మీసం దువ్వుకున్నాడు. ఊళ్ళో అందరూ అంతే తెలివైనవాళ్ళు. పొద్దుగూకేసరికి ఊరి నిండా దాపటెద్దులే మిగిలాయి!

రామక్కాళ్ గోడ చివర నిలబడి ఇద్దరినీ పిలిచింది.

"ఒక ఎద్దు నీది, ఒక ఎద్దు వాడిది. ఇప్పుడు చెప్పండిరా, ఎవురి బండిలో రావాల నేను?"

తెల్లవారేసరికి రెండు ఎద్దులనూ ఒకే బండికి కట్టక తప్పలేదు.

బండిలో రామక్కాళ్, ఆమె చిన్ననాటి స్నేహితురాలు వెంకటమ్మాళ్, వెనక పిల్లలతో కోడళ్ళు. ముందు, తోలేవాళ్ళు కూర్చునే పలక మీద, అన్నదమ్ములు వీలైనంత ఎడంగా. ఆ పలక మీద ఎంత ఎడం వీలవుతుంది?

ఊరి పొలిమేర దాటకముందే బండి ఎడమకు తిరిగింది. కుడివైపు కట్టింది చిన్నవాడి ఎద్దు. దానికి తెలిసిందల్లా ఎడమవైపే! అది పక్కదాన్ని తోసుకుంటూ ఎడమకు వస్తుంది, పక్కది ఇంకా ఎడమకు జరుగుతుంది. ఇద్దరూ కలిసి పగ్గాలు లాగాలి. కానీ మాటలు లేవు కదా!

"ఒరే కరియా," అన్నాడు కోదండరామన్ తన ఎద్దుతో, "నీ పక్కన ఉండేదానికి నడక నేర్పినవాడు లేడురా, పావం."

"మయిలా," అన్నాడు దొరైసామి తన ఎద్దుతో, "నేర్పినాము. పక్కన ఉండేది కొంచెం చోటు వదిలితే కదా నువ్వు నడిచేది."

ఎద్దులు రెండూ బదులు చెప్పలేదు. వాటికి అంతకంటే మర్యాద తెలుసు.

మొదట ఒక శనగచేలో దిగబడ్డారు. చేనుగలాయన కర్ర పట్టుకుని వచ్చాడు. తేరుకు పోతున్న ముసలమ్మలను చూసి కర్ర కింద పడేసి, చక్రానికి భుజం పట్టాడు. పోతూ పోతూ పిల్లల ఒళ్ళో పచ్చి శనగ మొక్కలు కట్టలు కట్టలుగా పడేశాడు. అక్కడినుంచి ఎడమకు పోయి పోయి ఏకంగా ఒక పెళ్ళిపందిట్లోకి దూరారు! ఎవరి పెళ్ళో తెలియదు. బంధువులు ఆలస్యంగా వచ్చారనుకుని ఆకులు వేసి వడ్డించారు. మగపెళ్ళివారు అనుకుని ఆడపెళ్ళివారు, ఆడపెళ్ళివారు అనుకుని మగపెళ్ళివారు బతిమాలి బతిమాలి పాయసం పోశారు.

"నేను ఎన్నిసార్లు తేరుకు పోయినాను," అన్నది వెంకటమ్మాళ్ చెయ్యి కడుక్కుంటూ. "తిన్నగా పోతే దారిలో ఎవురూ పిలిచి శాపాడు పెట్టలేదు, రామక్కా."

"ఈసారి తోలేది సామి," అన్నది రామక్కాళ్.

"తోలేది సరి. ఇట్లా తోలితే మనం పోయేలోపల తేరు కదిలిపోదా?"

"నిలబడుతుంది. నా బిడ్డలు ఇద్దరూ ఒక పలక మీద కూర్చునుండేది చూసేదానికి సామికి మాత్రం ఆశ ఉండదా?"

వాగు దాటుతుంటే చక్రం ఇసుకలో కూరుకుపోయింది. తోయబోయి దొరైసామి బురదలో బోర్లా పడ్డాడు. లేచేసరికి మీసాల మీద కూడా బురదే. కోదండరామన్ పగలబడి నవ్వాడు. నవ్వాక మాటలు లేవన్న సంగతి గుర్తొచ్చి, "నిన్ను చూసే నవ్వినాను కరియా" అని ఎద్దుకు సంజాయిషీ చెప్పుకున్నాడు. వెనక కోడళ్ళు కొంగులు నోట కుక్కుకున్నారు. రామక్కాళ్‌కు కడుపు నిండిపోయింది. చూపు సరిగా ఆనకపోతేనేం, పెద్దవాడి నవ్వు చెవులారా విన్నది కదా.

కారమడై ఇక దగ్గరలోనే ఉందనగా, దారికి కుడివైపు పల్లంలో ఒక బండి ఒరిగి ఉంది. బండి మీద తొట్టి. తొట్టి పక్కన తల పట్టుకుని మునియాండి. దొరగారు గుర్రం మీద ముందే పోయారు. ఈ బండికి కట్టినవి మన అన్నదమ్ముల వెలపటెద్దులే!

"ఏం ఎద్దులయ్యా ఇవి," అన్నాడు మునియాండి అరవంలో. "కుడికి తప్ప నడవమంటున్నాయి. పల్లం కనబడితే చాలు, దిగి కూర్చుంటాయి."

అన్నదమ్ములు తమ ఎద్దుల వంక చూశారు. మునియాండి ఎద్దుల వంక చూశారు. ఊరి తెలివంతా అక్కడ వరసగా నిలబడి నెమరు వేస్తోంది.

ఎద్దుకు ఎద్దు మార్చుకుంటే రెండు బండ్లూ సాగుతాయి. మునియాండికి తొట్టి కదిలితే చాలు, ఏ ఎద్దయితేనేం? ఎవరిది ఇవ్వాలో రామక్కాళే తేల్చింది. పెద్దవాడి దాపటెద్దునిచ్చి పెద్దవాడి వెలపటెద్దునే తీసుకోమన్నది. కాడికి అప్పటికీ ఇద్దరి ఎద్దులూ ఉండాలని ఆమె పట్టు. అలాగే చేశారు. దొరగారి బండి దర్జాగా కదిలిపోయింది.

మనవాళ్ళ బండీ కదిలింది. ఎంత తిన్నగా పోతోందని! చేలు చేలుగానే ఉన్నాయి, పందిళ్ళు పందిళ్ళుగానే ఉన్నాయి. ఎవరూ కర్ర పట్టుకుని రాలేదు, ఎవరూ పాయసం పోయలేదు. పగ్గాలు లాగే పని లేదు. ఎద్దులతో మాట్లాడే పని కూడా లేదు. అన్నదమ్ములు మళ్ళీ చెరో చివరికీ జరిగి, ఒకడు తూర్పు, ఒకడు పడమర చూస్తూ కూర్చున్నారు.

రామక్కాళ్ కాసేపు ఓర్చుకున్నది. తర్వాత "ఆపండి" అన్నది.

ఆపారు. ఆమె వెంకటమ్మాళ్ భుజం పట్టుకుని మెల్లగా దిగింది.

"ఎద్దుల్ని మార్చి కట్టండి. దాపటిది వెలపటికి, వెలపటిది దాపటికి."

"ఎందుకమ్మా?" అన్నారిద్దరూ ఒకేసారి. 

"వంకరగా పోయేటప్పుడు నాకు ఇద్దరు కొడుకులు ఉండిరి. తిన్నగా పోతే ఒక్కడూ లేడు. మార్చి కడితే ఎక్కుతాను. లేదంటే మీరు పోండి."

చెప్పి, మొరాయించే ఆ మోకాళ్ళతోనే నడక మొదలుపెట్టింది. ఎండ మాడుతోంది. ఎదురుగా కొండలు, వెనక బండి, నడుమ ఒక ముసలమ్మ తడుముకుంటూ పోతోంది. కోదండరామన్ తన ఎద్దు వంక చూశాడు. ఎద్దు ఏం చెబుతుంది? తమ్ముడి వైపు తిరిగాడు.

"ఏమిరా చేద్దాము?"

"నువ్వే చెప్పు అన్నా."

గోడ లేచిన తర్వాత వాళ్ళు ఒకరితో ఒకరు అనుకున్న మొదటి మాటలు ఇవి. ఇంకేమీ అనుకోలేదు. ఇద్దరూ దూకి, పరుగెత్తి, అమ్మను చెరో పక్కా పట్టుకున్నారు. ఎద్దులు మార్చలేదు. మార్చే అవసరం రాలేదు. పగ్గాలు పెద్దకోడలు పట్టుకున్నది.

తేరు కదలడానికి ముందే చేరారు. జనమంతా గోవిందలు కొడుతుంటే రామక్కాళ్ తల ఎత్తి చూసింది. పొరలు కమ్మిన కళ్ళకు తేరు ఒక పెద్ద నీడలా ఆనిందే గాని, స్వామి ఆనలేదు. కుడిచేతిలో ఒక చెయ్యి, ఎడమచేతిలో ఒక చెయ్యి ఉన్నాయి. పత్తి చేలలో గరుకెక్కిన చేతులు, రెండూ చెమట పట్టి ఉన్నాయి. వాటిని పట్టుకునే ఆమె ఏడ్చింది.

ఇప్పుడు చెప్పండి, ఆ దొరగారికి మనం ఋణపడి ఉన్నామా లేదా? ఒక దొరకు ఎండ పడకపోవాలి, ఆయన తొట్టి కొండెక్కాలి, ఊళ్ళో ఎద్దులు సగానికి సగం పోవాలి. అప్పుడుగాని ఒక అన్న నోట తమ్ముణ్ణి "ఏమిరా" అనే మాట రాలేదు. 

అంతకుముందు ఏటేటా అమ్మ అడిగింది. ఆమె వెనక కుంపిణీ లేదు కదా, ఎవరు వింటారు?