చప్పుడు లేని చక్రాలు

ఆదివారం పొద్దున్న టైలరు వేసుకున్న పథకం చిన్నదే. కాఫీ తాగి, కారు చక్రాలు మార్పించుకొచ్చి, అమ్మనీ భార్యనీ ఎక్కించుకుని, భోజనాల వేళకి పక్క ఊళ్ళో ఉన్న చెల్లెలింటికి చేరాలి. అంతే. కానీ మనిషికి నిలకడ లేదు. చెప్పులు వేసుకుని మళ్ళీ విప్పాడు. తాళంచెవి చేతిలో పెట్టుకునే ఇల్లంతా వెతికాడు. సెలవు రోజున కూడా మెడలో కొలతల టేపు వేలాడుతోందని భార్య చెప్పేదాకా చూసుకోలేదు.

తండ్రి పోయినప్పటి నుంచీ తల్లి వీళ్ళ దగ్గరే ఉంటోంది. చెల్లెలు మాత్రం "అమ్మ ఇక నా దగ్గరుంటుంది" అని వారం వారం ఫోను చేస్తోంది. తల్లి ఔననలేదు, కాదనలేదు. "వచ్చే ఆదివారం వస్తాగా, అప్పుడు చెప్తాలే" అంది. ఆ ఆదివారం రానే వచ్చింది. తల్లి ఒక పెట్టె సర్దుకుని గుమ్మం దగ్గర పెట్టుకుంది. అందులో రెండు రోజుల బట్టలున్నాయో, ఉన్న బట్టలన్నీ ఉన్నాయో అడిగే ధైర్యం టైలరుకి లేదు. ఎవరూ చూడకుండా పెట్టె ఎత్తి బరువు చూశాడు. ఏమీ తేలలేదు. మళ్ళీ ఎత్తి చూశాడు.

"ఎత్తడం దేనికి, ఉండిపొమ్మని అడగొచ్చుగా?" అంది భార్య.

"నేనడిగితే మొహమాటానికి ఉంటుంది. తనకి తానుగా ఉండాలనిపించాలి."

"అనిపించడానికి ఏం చేస్తారట?"

"చక్రాలు మారుస్తున్నాగా."

భార్య అతని వంక ఒక్క క్షణం చూసి లోపలికి వెళ్ళిపోయింది.

టైలరు మటుకు ఆలోచన పక్కాగానే చేశాడు. ఆ కారుకి పెద్ద చక్రాలు వేయించింది తనే. పద్దెనిమిది అంగుళాల వెండిరంగు రిమ్ములు, వాటి చుట్టూ పట్టీ కుట్టినంత సన్నగా టైర్లు. ఆగి ఉన్నప్పుడు ఆ కారు అందం చూసి తీరాలి. కదిలిందంటే మాత్రం రోడ్డు మీద ప్రతి రాయీ లోపలికి వచ్చి పలకరించేది. చప్పుడైతే పిండిమరలో కూర్చున్నట్టుండేది. అమ్మని ఎక్కించుకున్నప్పుడల్లా అతను అద్దంలో గమనించేవాడు. వెనక సీట్లో ఆమె పెదవులు కదిలేవి, కనుబొమలు ముడిపడేవి, ఉన్నట్టుండి ఒక చెయ్యి పైకి లేచేది. ఓసారి ఉండబట్టలేక బండి ఆపి, "నొప్పిగా ఉందా అమ్మా?" అని అడిగాడు. ఆమె ఉలిక్కిపడి, "ఆఁ... ఈ కుదుపులకిరా" అంది. ఆ మాట అతనికి గుండుసూదిలా గుచ్చుకుంది. తండ్రి పోయాక అమ్మకున్న కష్టాల్లో టేపుతో కొలిచి సరిచేయగలిగింది అదొక్కటే కనిపించింది.

చక్రాల షాపాయన టైలరుకి పాత పరిచయస్థుడు. సంగతి విని మొహం అదోలా పెట్టాడు.

"పద్దెనిమిది తీసేసి పదహారా? ఏనుక్కి పిల్లి కాళ్ళు పెట్టమన్నట్టుంది మాస్టారూ."

"రిమ్ము చిన్నదైతే టైరు లావవుతుంది కదా?"

"అవుతుంది. పై కొలత మారకూడదు కాబట్టి, లోపల ఇనుము తగ్గినంత మేరా రబ్బరు పెరుగుతుంది. పరుపు మీద పోయినట్టే, చప్పుడు కూడా ఉండదు. కానీ అందం?"

"నా దగ్గర ప్యాంట్లు కుట్టించుకునేవాళ్ళూ ఇదే మాట. బిగుతుగా పట్టించుకుంటారు. తీరా వేసుకున్నాక కూర్చోలేక మళ్ళీ నా దగ్గరికే వస్తారు."

"నా పెళ్ళి సూటు గుర్తుందా? ఫొటోలన్నిట్లో నిలబడే ఉన్నాను."

"బిగించమన్నది మీరే."

"పెళ్ళికొడుకు అంటాడండీ, మీరు వద్దనాలి. ఇప్పుడు నేను వద్దంటున్నానా లేదా?"

"పోనీ పద్నాలుగు వేస్తే ఇంకా మెత్తగా ఉంటుందా?"

"బ్రేకు తగిలి చక్రమే తిరగదు. మీ అమ్మగారికి అంతకంటే మెత్తగా ఉండదు, నిజమే."

చివరికి పదహారు బిగించారు. విప్పిన పెద్ద చక్రాలు తన షాపులో పెట్టడానికి చోటు లేదని ఆయన వాటిని డిక్కీలో కుక్కి, పట్టనిదాన్ని ముందు సీట్లో కూర్చోబెట్టాడు. ఇంటికొచ్చి ముందు సీట్లోదాన్ని దింపేసరికి భార్య వాకిట్లో నిలబడి, "మిగతావి రాత్రికి దింపుకోవచ్చు, మీ చెల్లెలు అప్పుడే మూడుసార్లు ఫోను చేసింది" అని తొందరపెట్టింది. డిక్కీలో చోటు లేదు కాబట్టి తల్లి పెట్టె వెనక సీటుకే వచ్చింది.

"పక్కన పెట్టుకోమ్మా, సీటు ఖాళీయేగా."

"వద్దులే, ఒళ్ళో పెట్టుకుంటా" అంది తల్లి. పెట్టె ఒళ్ళో పెట్టుకుని, పక్క సీటు ఖాళీగానే వదిలి, కిటికీకి ఒదిగి కూర్చుంది.

బండి పెద్ద రోడ్డెక్కింది. టైలరు పొంగిపోయాడు. వెన్న మీద కత్తిలా పోతోంది. ఎన్నడూ వినని చప్పుళ్ళన్నీ వినిపిస్తున్నాయి. మలుపు దగ్గర టిక్కుటిక్కుమని ఏదో కొట్టుకుంటే తల్లి అడిగింది: "అదేంట్రా?"

"ఇండికేటరమ్మా."

"కొత్తగా పెట్టించావా?"

"మొదట్నుంచీ ఉందమ్మా."

అసలు గొడవ ఇక్కడే మొదలైంది. టైలరు భార్య లైబ్రరీలో పని చేస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గుసగుసగా మాట్లాడే ఉద్యోగం. గొంతు విప్పి మాట్లాడే చోటు ఆమెకి ఈ కారొక్కటే. పెద్ద రోడ్డు రాగానే తల కాస్త గేరు వైపు వంచి, మామూలు గొంతుతో మనసులో ఉన్నదంతా చెప్పుకునేది. ఆ మోతలో వెనక సీటుకి ఒక్క ముక్క చేరేది కాదు. టైలరు "ఊఁ" కొట్టేవాడు. ఇన్నాళ్ళూ ఆ కాపురం అలా సజావుగా సాగింది. అలవాటు కొద్దీ ఆమె ఈ రోజూ తల వంచింది.

"నా పుస్తకాలన్నీ మళ్ళీ పొడుగు ప్రకారం సర్దేశారు మీ అమ్మగారు. రోజంతా అక్కడ సర్ది రావడం, ఇంటికొచ్చి నావి నేను వెతుక్కోవడం. చెప్తే నొచ్చుకుంటారు, చెప్పకపోతే నాకు పిచ్చెక్కుతుంది."

"ఊఁ" అన్నాడు టైలరు.

"పొడుగువాటి మధ్య పొట్టివి పెడితే ఒరిగిపోతాయే అమ్మాయ్" అంది వెనకనుంచి తల్లి.

భార్య వంచిన తల వంచినట్టే ఉండిపోయింది. కాసేపటికి నెమ్మదిగా నిటారుగా అయింది.

"మిమ్మల్ని కాదత్తయ్యా... లైబ్రరీలో ఒకావిడ ఉంది, ఆవిడ గురించి..."

"అక్కడ కూడా మీ ఆయనకి అమ్మ ఉందా?"

టైలరు మధ్యవర్తిత్వం చేయబోయాడు. అదే అతను చేసిన తప్పు. "తన ఉద్దేశం అది కాదమ్మా. మొన్న చొక్కాల గురించి చెప్పినప్పుడు కూడా నిన్ను..."

"చొక్కాల గురించి ఏమంది?"

భార్య అతని మోచేతి దగ్గర గట్టిగా గిల్లింది.

"చొక్కాల గురించి ఏమీ అనలేదమ్మా. బకెట్టు గురించే."

"బకెట్టుకేమైంది?"

ఇక నోటితో లాభం లేదనుకుని టైలరు రేడియో మీట నొక్కాడు. పాత మోతని మించి వినపడాలని ఆ రేడియోని ఎప్పుడో చివరికంటా తిప్పి పెట్టుకున్నాడు. వార్తలు చదివే ఆయన ముగ్గురి మధ్యలోకి దూకి అరిచినట్టు వాతావరణం గురించి కేకేశాడు. భార్య చెవులు మూసుకుంది. టైలరు కాలు బ్రేకు మీద పడింది. తల్లి ఒళ్ళోని పెట్టె ముందుకి జారి, కింద పడి, నోరు తెరిచింది.

రేడియో ఆపి, బండి పక్కకి తీసి, ముగ్గురూ ఆ పెట్టె వంక చూశారు. చీరలన్నీ ఉన్నాయి. చలికాలం శాలువా ఉంది. గోడ మీద ఉండాల్సిన తండ్రి ఫొటో తువ్వాలులో చుట్టి ఉంది. రెండు రోజుల కోసం వెళ్ళేవాళ్ళెవరూ శాలువా పట్టుకెళ్ళరు. భార్య వెనక్కి వంగి ఒక్కొక్కటే మడతపెట్టి లోపల సర్దింది. అన్నీ ఒకే పొడుగున మడిచింది. పెట్టె మూసి అత్తగారి ఒళ్ళో పెట్టింది.

బండి మళ్ళీ కదిలింది. అయిపోయింది, అనుకున్నాడు టైలరు. పుస్తకాలు, బకెట్టు, పైన ఈ కేకలు. ఇంత మెత్తటి కారులో కూర్చోబెట్టి మరీ వెళ్ళగొడుతున్నాను.

అంతలో వెనకనుంచి చిన్నగా మాటలు వినిపించాయి.

"చూశారా, కోడలు నిజమే చెప్పింది. పుస్తకాలు దానివి, నేనెందుకు ముట్టుకోవాలి? ఏదో ఒకటి సర్దకపోతే పొద్దు పోదు మరి. మీ వాడు చూడండి. పెట్టె అంతా కళ్ళెదుటే సర్దుకున్నా. రెండుసార్లు ఎత్తి బరువు చూశాడు కానీ, ఎక్కడికమ్మా అనలేదు. ఉండమని ఒక్క మాట అంటే వాడి దారం తెగుతుందా?"

టైలరు అద్దంలోకి చూశాడు. తల్లి ఖాళీ సీటు వైపు తిరిగి ఉంది. పెదవులు కదులుతున్నాయి. కనుబొమలు ముడిపడ్డాయి. ఒక చెయ్యి పైకి లేచింది. అవన్నీ అతనికి తెలిసినవే. నొప్పి అనుకున్నది ఇదే.

"ఏమండీ, మిమ్మల్నే. ఏం చేయమంటారు? అమ్మాయి దగ్గరికి పొమ్మంటారా?"

"ఊఁ" అన్నాడు టైలరు.

వెనక నుంచో పక్క నుంచో, 'ఏమండీ' అని వినపడగానే ఊఁ అనడం అతనికి ఏళ్ళ అలవాటు. నోరు దాటాక గానీ తెలియలేదు.

"నీతో కాదురా" అంది తల్లి.

"తెలుసమ్మా."

"ఈ కారుకేమైంది? ఇంతకుముందు ఎంత బావుండేది."

"నీకు నొప్పని చక్రాలు మార్పించానమ్మా. నువ్వే కుదుపులన్నావుగా."

"నువ్వు చటుక్కున అడిగితే ఏం చెప్పను? నోటికొచ్చింది అన్నాను."

టైలరు తలుపు మీది మీటలు ఒక్కొక్కటే నొక్కాడు. నాలుగు అద్దాలూ కిందికి దిగాయి. గాలి హోరుమని లోపలికి దూకింది.

"నా జుట్టు! ఏం చేస్తున్నారు?" అంది భార్య. ఆ మాట సగంలోనే ఎగిరిపోయింది. ఆమె వెనక్కి ఓసారి చూసింది. అత్తగారు కొంగు తలకి చుట్టుకుని, పక్క సీటు వైపు కాస్త జరిగి, ఏదో చెప్పడం మొదలుపెట్టింది. భార్య ఇటు తిరిగి, తన కిటికీలోంచి పొలాలకి పుస్తకాల సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పుకుంది. ఇద్దరి నోళ్ళూ ఆడుతున్నాయి. ఒక్క ముక్క వినపడటం లేదు. టైలరుకి పొద్దుటి నుంచి మొదటిసారి ఊపిరాడింది.

ఇద్దరూ మాట్లాడుతుంటే తనకీ నోరు విప్పాలనిపించింది. ఈ హోరులో ఎవరు వింటారు? రోడ్డు వైపే చూస్తూ మొదలుపెట్టాడు. "వెళ్ళకమ్మా. నేనడిగితే మొహమాటమనుకుంటావేమోనని ఊరుకున్నా. నిజానికి నాకు భయం. కాదంటావేమోనని భయం..." ఎదురుగా రైల్వే గేటు పడుతోంది. కాలు దాని మానాన అది బ్రేకు తొక్కింది. నోరు మాత్రం ఆగలేదు. గాలి ఆగిపోయింది.

"...నాన్న ఎలాగూ లేడు, నువ్వు కూడా వెళ్ళిపోతే సాయంత్రం షాపు కట్టేసి నేను ఎవరింటికి రావాలమ్మా?"

గేటు దగ్గర ఆగిన బండ్లన్నిటికీ ఆ మాట స్పష్టంగా వినిపించింది. పక్కన స్కూటరు మీదున్నాయన హెల్మెట్ పైకెత్తి కారులోకి తొంగి చూశాడు.

"ఉండిపోండమ్మా, అంతలా అడుగుతున్నాడు."

"మధ్యలో నువ్వెవరు నాయనా?"

"ఎవర్నీ కాదమ్మా. గేటు పడింది, వినపడింది."

రైలు వచ్చి, దడదడలాడించి, వెళ్ళింది. తల్లి అప్పటిదాకా ఆగి, కొంగుతో మొహం తుడుచుకుని అంది: "ఈ ముక్క చెప్పడానికి నాలుగు చక్రాలు మార్చావట్రా?"

టైలరు మెడ తడుముకున్నాడు. టేపు లేదు.

"ఆ పాతవి ఏం చేశావు?"

"డిక్కీలో ఉన్నాయమ్మా."

"రేపు ఎక్కించెయ్. నడుం సంగతి నేను చూసుకుంటా."

"నేనూ అదే అందామనుకుంటున్నానత్తయ్యా" అంది భార్య.

చెల్లెలు వాళ్ళింటి గేటు దగ్గరే కాచుకుని ఉంది. పెట్టె బరువు చూసి మొహం వెలిగిపోయింది. "మొత్తం తెచ్చేసుకున్నావా అమ్మా!"

"తెచ్చానే. సాయంత్రం తీసుకెళ్ళిపోతా. అన్నయ్య దగ్గరే ఉంటాను."

చెల్లెలు కాసేపు నమ్మలేదు. తర్వాత అలిగింది. అన్నయ్య ఏదో మాయ చేశాడంది, వదిన చెప్పి పంపిందంది. చివరికి అస్త్రంలా తల్లి చెయ్యి పట్టుకుని, వాకిట్లో నిలబెట్టిన కొత్త కారు దగ్గరికి లాక్కెళ్ళి తలుపు తెరిచింది.

"వాళ్ళ కారులో తిరిగితే ఒళ్ళు హూనమైపోతుందమ్మా. ఇదిగో, నీకోసమే చూసి చూసి కొన్నాం. ఇందులో చీమ నడిచినా వినపడుతుంది, తెలుసా?"

తల్లి లోపలికి తొంగి చూసి, వెనక సీటు మీద చెయ్యి వేసి నిమిరి, తలుపు మెల్లగా మూసేసింది.

"చీమకైనా కాస్త చాటు ఉండాలి కదే" అంది.