ఆరో పాటలో రెండో గొంతు

స్టేషన్ మేనేజరు ఫోన్ చేసేసరికి కొత్త కోడలు ఒక చేత్తో సగం అల్లిన జడ పట్టుకుని, రెండో చేత్తో పాలగిన్నె కింద మంట తగ్గించబోతోంది.

"సోమవారం పదింటి కార్యక్రమం ఇకనుంచి నీదేనమ్మా. ఒక ఆల్బమ్ వినిపించు, శ్రోతల అభిప్రాయాలు ఫోన్లో తీసుకో," అన్నాడాయన.

రెండేళ్లుగా రేడియో స్టేషన్‌లో ఎవరెవరికో వచ్చిన ఉత్తరాలు విప్పి దొంతర్లు పెట్టిన పిల్లకి సొంతంగా ఒక మైకు! పాలు పొంగి పొయ్యంతా పాకాయి. తుడుస్తూ కూడా ఆమె నవ్వుతూనే ఉంది. పెళ్లయి నలభై రోజులైంది. ఈ మధ్య ఆమెకి పొయ్యి తుడవడం కూడా బాగానే ఉంటోంది.

ఏ ఆల్బమ్ అని వెతుక్కోవలసిన పని లేకపోయింది. ముందుగదిలో గడియారాలు బాగుచేసే మామగారు రోజూ సాయంత్రం నాలుగింటికి పని ఆపి, కంటికున్న భూతద్దం తీసి, ఒక పాత క్యాసెట్ పెట్టుకుంటారు. ఎవరో స్వీడన్ గాయని. బోసా నోవా అనే మెత్తటి బ్రెజిల్ బాణీ, మధ్యమధ్య కాస్త జాజ్. ఆవిడ గొంతు పెంచదు, ఎవరినీ ఒప్పించాలని చూడదు. కిటికీ దగ్గర నిలబడి తనలో తను చెప్పుకుంటున్నట్టు పాడుతుంది. సెలవురోజున ఆ క్యాసెట్ మొదలైతే చాలు, భర్త చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లిపోతాడు. పాపం, ఈయనకి సంగీతం పడదు కాబోలనుకుంది కోడలు.

"మావయ్యా, ఈ క్యాసెట్ ఒకసారి ఇస్తారా? రేడియోలో అందరికీ వినిపిస్తాను."

"అందరికీనా?" అన్నారాయన. గడియారాలు తుడిచే మెత్తటి గుడ్డతో క్యాసెట్ డబ్బాని అటూ ఇటూ తుడిచారు. "జాగ్రత్తమ్మా. దీనికి ఇంకోటి లేదు."

అరుదైన ఆల్బమ్ అన్నమాట! కోడలి ఆనందం రెట్టింపైంది.

సోమవారం పాటలు అయ్యీ అవకముందే ఫోన్లు మొదలయ్యాయి. ఈ పాటలకి తన కుట్టు దారి తప్పకుండా వచ్చిందని దర్జీ చెప్పాడు. తన కుర్చీలో కూర్చున్నాయన నోరు తెరిచే నిద్రపోయాడని, పన్ను పీకడం ఇంత సుఖంగా ఎప్పుడూ జరగలేదని పళ్ల డాక్టరు చెప్పాడు. అంతవరకూ బాగానే ఉంది. అప్పుడు, ఆ ఊళ్లో సగం మంది పిల్లలకి పాట నేర్పిన సంగీతం టీచరమ్మ లైన్లోకి వచ్చింది.

"స్వీడన్ అమ్మాయి బాగా పాడింది. ఒప్పుకుంటాను. కానీ ఆరో పాటలో ఆ రెండో ఆవిడెవరు? దూరం నుంచి వచ్చి కలుస్తుంది, తాళానికి వెనకపడుతుంది, మధ్యలో ఏదో మూత కింద పడేస్తుంది, పైగా నవ్వుతుంది! పాటా అది?"

ఆమె ఇంకా ఏదో అనబోతుండగానే కోడలు కంగారుగా లైను మార్చింది. ఈసారి ఒక బస్సు డ్రైవరు. "టీచరమ్మగారికి కోపం రాదంటే ఒక మాట. మొదటావిడ ఊరందరికీ పాడింది. రెండో ఆవిడ ఎవరో ఒక్కరి కోసమే పాడింది. నాకు రెండో ఆవిడే నచ్చింది."

అంతే, ఊరు రెండుగా చీలింది. వారమంతా ఉత్తరాలు. ఆ రెండో గొంతు ఎవరిదో చెప్పమని సగం మంది, ఆ గొంతు మళ్లీ వినిపించవద్దని సగం మంది.

కార్యక్రమం విన్న సోమవారం సాయంత్రమే మామగారు ఒక్క మాటే అన్నారు. "ఆ టీచరమ్మ చెవి మంచిదమ్మా."

అంటే రెండో గొంతు మావయ్యకీ ఇబ్బందే! ఇన్నేళ్లూ పాపం ఎలా భరించారో అనుకుంది కోడలు. స్టేషన్‌లో టేపులు కోసి అతికించడంలో ఆరితేరి 'కత్తెర' అని పేరు తెచ్చుకున్న సౌండ్ ఇంజనీరుకి క్యాసెట్ అప్పగించింది. "ఆ రెండో గొంతు తీసేసి ఇవ్వగలరా? మా మావయ్యకి బహుమతి."

కత్తెర స్టేషన్ గదులన్నీ గాలించి అదే ఆల్బమ్ డిస్కు పట్టుకొచ్చాడు. "చూడమ్మా, అసలు దాంట్లో రెండో ఆవిడే లేదు! మీ క్యాసెట్‌లోకే ఎవరో దూరారు. అందుకని డిస్కులోది దాని మీదే ఎక్కించేశాను. ఇప్పుడు అద్దంలా ఉంది."

మేనేజరు ఊపిరి పీల్చుకున్నాడు. మరుసటి సోమవారం కోడలి చేతే మైకులో చదివించాడు. "ఆరో పాటలో రెండో గొంతు లేదు. అది యాంత్రిక లోపం. అంతరాయానికి చింతిస్తున్నాం." టీచరమ్మకి తనే ఫోన్ చేసి, బహుశా ఆమె చెవులు పొరబడి ఉంటాయని కూడా అన్నాడు.

"నా చెవులా? నలభై ఏళ్లు అపశ్రుతులు ఏరిన చెవులివి!" టీచరమ్మ అరుపు పక్క గదిలోకి వినిపించింది. "కార్యక్రమం మొత్తం నా దగ్గర రికార్డయి ఉంది. మీ వాళ్లెవరైనా నా గుమ్మం తొక్కితే చూడండి!"

ఆ పూట మామగారు బజారు గడియారం బాగుచేయడానికి నిచ్చెన ఎక్కి ఉన్నారు. ఏదీ వినలేదు. వారం రోజులుగా నాలుగింటికల్లా ఖాళీ టేప్‌రికార్డరు ముందు కూర్చుని లేచిన మనిషి, ఆ సాయంత్రం కోడలు క్యాసెట్ చేతిలో పెట్టగానే కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. ఆమె గుమ్మానికి ఆనుకుని, ఆయన మొహంలో సంతోషం కోసం ఎదురుచూసింది.

ఆరో పాట వచ్చింది. వెళ్లిపోయింది.

ఆయన వెనక్కి తిప్పారు. మళ్లీ విన్నారు. భూతద్దం కంటికి పెట్టుకుని టేప్‌రికార్డరు మూత విప్పారు. సన్నటి కుంచెతో లోపల దుమ్ము దులిపి, మళ్లీ పెట్టారు.

"మిషనుకి ఏదో అయిందమ్మా," అన్నారు. "సరిగ్గా అక్కడే పట్టేస్తోంది."

అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన భర్త, పాట విని ఎప్పటిలా చెప్పుల వైపు తిరిగినవాడు ఆగిపోయాడు. ఆ క్యాసెట్ నడుస్తుండగా మొదటిసారి ముందుగదిలోకి వచ్చాడు.

"నాన్నా, అమ్మ ఏది?"

కోడలికి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అంతా అర్థమైంది. రెండేళ్ల క్రితం పోయిన అత్తగారిని ఆమె ఫోటోలోనే చూసింది.

"అప్పట్లో రికార్డు నుంచి క్యాసెట్‌కి ఎక్కించే వైరు మన దగ్గర లేదు," అన్నారు మామగారు, ఎవరి వైపూ చూడకుండా. "స్పీకరు ముందు టేప్‌రికార్డరు పెట్టి, గంట సేపు మాట్లాడొద్దని చెప్పాను. మీ అత్త మాట్లాడలేదు. పాడింది."

కోడలు అక్కడే నేలమీద కూర్చుండిపోయింది. "నేనే చెరిపించాను మావయ్యా. మీకు నచ్చలేదేమోనని... అత్తయ్యని యాంత్రిక లోపమని ఊరందరికీ చెప్పాను."

భర్త ఆమె పక్కన కూలబడ్డాడు. "నేను కూర్చుని ఒక్కసారైనా వినలేదు," అన్నాడు. "వింటే ఏడుస్తానని."

ఉన్నట్టుండి కోడలు చెంపలు తుడుచుకుని లేచింది. "మావయ్యా! టీచరమ్మ దగ్గర ఉంది! మొత్తం రికార్డు చేశారట. కానీ మా స్టేషన్ వాళ్లెవరూ గుమ్మం తొక్కకూడదన్నారు."

మామగారు ఫోన్ అందుకున్నారు. "అమ్మా, మీరు చెప్పింది నిజం. మా ఆవిడ తాళానికి వెనకపడుతుంది. ముప్పై ఏళ్లు చెప్పాను, వినలేదు. మీ దగ్గరున్న ఆ గొంతు తప్ప ఇప్పుడు నాకు ఇంకోటి లేదు."

అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"రేపు పదింటికి రండి, క్యాసెట్ ఇస్తాను," అంది టీచరమ్మ చివరికి. "కానీ ఆరో పాట మీద నా అభిప్రాయం పూర్తిగా విన్నాకే. రేడియోలో నన్ను మధ్యలో ఆపేశారు."

తొమ్మిదిన్నరకల్లా ముగ్గురం బయల్దేరదామన్నారు మామగారు. తొమ్మిదికే వెళ్దామన్నాడు కొడుకు.

అత్తగారి మీద ఫిర్యాదులు వినడానికి ఒక కోడలు ఎప్పుడు తెల్లారుతుందా అని చూడటం బహుశా ఇదే మొదటిసారి.