బయటి నుంచి వచ్చిన ‘కుదరదు’

రత్నకుమారికి ‘కుదరదు’ అనే మాట స్టోరులో దొరకలేదు. తక్కినవన్నీ దొరికాయి. ‘అలాగే’ ఉచితం. ‘పర్లేదు’ ఎక్కించుకుంటే ‘మీ ఇష్టం’ అడక్కుండానే వచ్చింది. ‘కుదరదు’ అని వెతికితే మాత్రం, ఈ మాట మీ రకం గొంతుకు సరిపడదు అని చూపించింది. ఆమె భర్త వీరాంజనేయులుకు ఆ మాట పుట్టుకతోనే ఉంది కాబట్టి ఆయనకు వెతికే అవసరం రాలేదు.

ఆ ఊళ్లో మాటలన్నీ ఫోను నుంచే గొంతులోకి దిగేవి. ఫోను మెడకు ఆనించుకుని, తెర మీద గీత నిండేదాకా గుటక వేయకుండా కూర్చోవాలి. పసివాళ్లకు ‘అమ్మ’ కూడా అలాగే ఎక్కించేవారు. అందులో వింతేమీ లేదు.

రత్నకుమారి ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. తనకోసం కొనుక్కున్న ఆకాశం రంగు గుడ్డ ఏడాదిగా మిషను సొరుగులో కత్తెర పడకుండా ఉంది. ఆదివారం తనతో చదువుకున్న జయప్రద కొత్తింట్లో పాలు పొంగిస్తోంది. అక్కడికి ఆ గుడ్డతో జాకెట్టు కుట్టుకుని, తొడుక్కుని వెళ్లాలని ఆమె కోరిక. కానీ ఎవరు సంచి తెచ్చి సాయంత్రానికి కావాలన్నా, ఆమె గొంతులో ‘అలాగే’ తప్ప మరొకటి లేదు.

చేపలమ్మే మస్తానమ్మ దగ్గర ‘కుదరదు’ ఉంది. వాళ్లమ్మది. స్టోరు గడప తొక్కని మాట. ఆ మాటతోనే ఆమె ఇన్నేళ్లూ గంప దగ్గర బేరాలు నిలబెట్టుకుంది. రత్నకుమారి అడగ్గానే చేతులు కడుక్కుని, తన ఫోను తీసి ఆమె ఫోనుకు ఆనించింది.

రత్నకుమారి ఫోను వెంటనే హెచ్చరించింది. ఈ మాట తెలియనివాళ్ల దగ్గర్నుంచి వస్తోంది. మీ వంటకు, మీ మర్యాదకు, మీ కాపురానికి హాని జరగవచ్చు. అయినా కావాలా? కాపురానికి వచ్చిన వారం నుంచీ మస్తానమ్మ ఆమెకు తెలుసు. స్టోరు పెట్టినవాళ్లను ఊళ్లో ఎవరూ చూడలేదు. ఫోను లెక్కలో తెలిసినవాళ్లు వాళ్లే. ఆమె ‘కావాలి’ నొక్కింది.

ఆ మాట మూడు అనుమతులు అడిగింది. గొంతు, కనుబొమలు, అన్నాక మౌనంగా ఉండటం. మొదటి రెండూ ఇచ్చింది. మౌనంగా ఉంటే ఎదుటివాళ్లు ఏమనుకుంటారోనని మూడోది ఇవ్వలేదు.

మర్నాడు పోస్టుమాస్టరుగారి భార్య రెండు జాకెట్లు తెచ్చింది. ‘కుదరదు’ స్పష్టంగానే వచ్చింది, కాస్త చేపల వాసనతో. దాని వెనకే, ఎవరూ పిలవకుండా, ‘సర్లే, పెట్టి వెళ్లండి’ వచ్చింది. ఆవిడ పెట్టి వెళ్లింది. మధ్యలో ఏదో మాట వచ్చిందని కూడా ఆవిడకు తెలియలేదు.

ఇది చెబితే మస్తానమ్మ పొలుసు గీకడం ఆపలేదు.

“మాటైతే ఇచ్చాగానీ అమ్మాయ్, అన్నాక నోరు మూసుకోటం గూడా నేనే ఇయ్యాలా? అది నువ్వే నొక్కుకోవాల.”

“ఆ ‘సర్లే’ తీసేద్దామంటే పోవట్లేదు పిన్నీ.”

“యాడికి పోద్ది? అది మనతోపాటే వచ్చింది. ఆపి పెట్టుకో, అంతే.”

రత్నకుమారి ‘సర్లే’ను ఆపి, మౌనానికి అనుమతి ఇచ్చింది.

శనివారం ఆడపడుచు భారతి నాలుగు జాకెట్లు, నాలుగూ లైనింగువే, పట్టుకొచ్చి మిషను మీద పెట్టింది. తెల్లారేసరికి కావాలంది.

“కుదరదొదినా.”

ఫ్యాను తిరిగింది. చిల్లర కోసం కండక్టరు వంక చూసినట్టు భారతి ఆమె నోటి వంక చూస్తూ కూర్చుంది.

“తర్వాత?” అంది చివరికి.

“అంతే వదినా.”

ఒంట్లో బాగుందా అని భారతి అడిగింది. బాగుందని తెలిశాక కాఫీ తాగి, సంచి తీసుకుని వెళ్లింది. ఇంటికి ఏ హానీ జరగలేదు. కుక్కరు కూతలు మామూలుగానే వేసింది.

సాయంత్రం వీరాంజనేయులు భార్య ఫోను తనిఖీ చేశాడు. హానికరమైన మాట ఒకటి ఉందని ఎర్రగా వచ్చింది. రత్నకుమారి అప్పుడు ఆకాశం రంగు జాకెట్టుకు హుక్కులు కుడుతోంది.

“తీసెయ్ రత్నం. ఊరూపేరూ తెలియని మాట మనింట్లో ఎందుకు?”

“కుదరదండీ.”

ఆయన కూడా కాసేపు చూశాడు. ఏమీ రాకపోవడంతో వెళ్లి అన్నం వడ్డించుకున్నాడు. పచ్చడి జాడీ ఎక్కడుందో మాత్రం అడగాల్సి వచ్చింది. ఆమె చెప్పింది.

ఆదివారం జయప్రద ఆ జాకెట్టు చేతులు పట్టుకుని చూసి, ఎవరు కుట్టారే అని అడిగింది. నేనే అని చెప్పడానికి రత్నకుమారికి ఏ మాటా ఎక్కించుకోవాల్సిన పని లేకపోయింది.

మరుసటి నెలలో స్టోరే ఆడవాళ్లకోసం ‘కుదరదు’ విడుదల చేసింది. అందులో మౌనం లేదు. అనగానే ‘సర్లే’ దానంతటదే వస్తుంది. అందరికీ నచ్చింది. అయిదుకు అయిదు నక్షత్రాలు ఇచ్చినవాళ్లలో ఎక్కువమంది భర్తలు. భారతి కూడా ఎక్కించుకుంది.

మూడో తరగతి చదువుతున్న కూతురు లాస్య గొంతు కూడా రత్నకుమారి ఫోను ఆనించి ఒకసారి చూసింది. ఎవరూ ఎక్కించకుండానే ‘సర్లే’ అక్కడ ఉంది. తొలగించడం వీలుకాదు, ఆపి ఉంచవచ్చు అని రాసి ఉంది. ఆపింది. స్టోరు కొత్తగా ఏది పంపినా ‘సర్లే’ మళ్లీ దానంతటదే మొదలవుతుంది. అలాంటి రోజు పొద్దున్నే బడికి జడ వేస్తూ రత్నకుమారి కూతురి మెడకు ఫోను ఆనించి దాన్ని ఆపుతుంది. తర్వాత లాస్య ఫోను తీసుకుని అమ్మ మెడకు ఆనిస్తుంది. గీత నిండేదాకా ఇద్దరూ గుటక వేయరు. పక్కింటివాళ్లు చూసినా ఏమీ అడగరు, తల దువ్వుకుంటున్నారనుకుంటారు.